డెల్టా పల్లె – నాడూ నేడూ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయవలసిందని కార్యవర్గ మిత్రులు కోరినప్పుడు, రాజుల గురించీ యుద్ధాల గురించీ రాసే అర్హత నాకు లేదని మనవి చేశాను. రెవిన్యూ శాఖలో ముప్పయ్యారు సంవత్సరాలు పనిచేసి 2003లో పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు తెలిసినవల్లా అడంగళ్ళు, జమాబందీలు, శిస్తు బాకీలు. “అయితే వాటి గురించే రాయండి, అదీ చరిత్రే గదా” అన్నారు. ఆ మాట పట్టుకునే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అడంగల్ అంటే మన పిల్లలకు తెలియదు. గ్రామంలో ఏ సర్వే నంబరులో ఎన్ని సెంట్ల భూమి ఉన్నది, అందులో ఏ పంట వేశారు, దానికి నీరు ఎక్కడిది అని ఏటేటా రాసే లెక్క అది. అందులో ఒక గడిలో పట్టాదారు పేరు ఉంటుంది. మరొక గడిలో భూమిని అనుభవిస్తూ సాగు చేసేవారి పేరు ఉండాలి. ఈ రెండు గడులలో ఎవరెవరి పేర్లు ఎక్కాయి, ఎవరివి ఎక్కలేదు అని చూసుకుంటూ పోతే కృష్ణా డెల్టా పల్లె కథ అంతా బయటపడుతుంది.

మా ఊరు బందరు కాలువ కింద ఉన్న ఒక మామూలు పల్లె. దాని పేరు రాయడం లేదు. డెల్టాలో ఏ ఊరివారు చదివినా తమ ఊరి కథే అనుకుంటారని నా నమ్మకం.

కాలువకు ముందు

కృష్ణా డెల్టా అనగానే పచ్చని వరిచేలు కళ్ళముందు మెదులుతాయి. ఈ పచ్చదనం వయస్సు నిండా నూట డెబ్భై ఏళ్ళే. అంతకుముందు నది పక్కనే ఉన్నా పొలం వాన కోసం ఆకాశం వైపు చూసేది. జొన్న, వరిగ, ఆముదం, పత్తి వంటి మెట్ట పంటలే ఎక్కువ. వరి చెరువుల కిందా, వరద నీరు నిలిచే పల్లాలలోనూ పండేది.

ఈ ప్రాంతం పేరు లోకానికి తెలిసింది మొదట వరి వలన కాదు, వర్తకం వలన. నేటి ఘంటసాల ఒకప్పుడు కంటకసోల అనే పేరుతో రేవు వ్యాపారానికీ, బౌద్ధానికీ నిలయం. గ్రీకు భూగోళవేత్త టాలెమీ సైతం దానిని పేర్కొన్నాడు. తర్వాతి కాలంలో బందరు గోల్కొండ సుల్తానుల ముఖ్యమైన రేవు అయింది. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ స్థావరాలు పెట్టుకున్నారు. డచ్చివారు ఉన్న చోటు వలందపాలెం, ఫ్రెంచివారు ఉన్న చోటు పరాసుపేట. ఆ పేర్లు నేటికీ బందరులో వాడుకలో ఉన్నాయి. పెడన, బందరు పరిసరాల సాలెవారు నేసిన బట్ట మీద అద్దకం వేసి ఓడలకు ఎక్కించేవారు. అప్పట్లో పల్లెలో మగ్గం శబ్దమూ నాగలి శబ్దమూ రెండూ వినిపించేవన్నమాట. ఇంగ్లండు మరబట్ట వచ్చి పడ్డాక మగ్గం బక్కచిక్కింది. నేసేవారు చాలామంది పొలం కూలీలుగా మారారు.

మత సామరస్యం అనే మాటను ఇప్పుడు ఉపన్యాసాలలో వింటున్నాం. డెల్టాలో అది దానపత్రాలలోనూ ఉన్నది. కూచిపూడి భాగవతుల ప్రదర్శన చూసి మెచ్చి గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా ఆ గ్రామాన్ని వారికి దానంగా ఇచ్చాడని సంప్రదాయం చెబుతుంది. ముస్లిం ప్రభువు ఇచ్చిన ఊరిలో బ్రాహ్మణ కళాకారులు కృష్ణలీలలు ఆడుకున్నారు.

అయినా ఆ కాలాన్ని స్వర్ణయుగం అనుకోరాదు. 1832–33లో వచ్చిన నందన కరువు గుంటూరు జిల్లాను ఊడ్చివేసింది. అయిదు లక్షల జనాభాలో ఒకటిన్నర నుంచి రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. కృష్ణ నిండుగా సముద్రంలోకి పోతూనే ఉన్నది, దాని ఒడ్డున మనుషులు గింజ లేక రాలిపోయారు. ఆ కరువు వలన శిస్తు కూడా పోయింది. నదికి అడ్డుకట్ట వేయక తప్పదన్న ఆలోచన దొరలకు కలగడానికి ప్రజల ప్రాణాలతోపాటు ఖజానా నష్టమూ కారణమేనని చెప్పుకోవాలి.

ఆనకట్ట తెచ్చిన మార్పు

సర్ ఆర్థర్ కాటన్ సంకల్పించగా, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో బెజవాడ కొండకూ సీతానగరం కొండకూ మధ్య 1852లో ఆనకట్ట పని మొదలై 1855లో పూర్తయింది. తూర్పు వైపు ఏలూరు, రైవస్, బందరు కాలువలు, పడమటి వైపు కొమ్మమూరు మొదలైన కాలువలు తవ్వారు. కాలువను మెరక మీదుగా నడిపించి, వాడిన నీరు పల్లంలోని డ్రెయిన్ల ద్వారా సముద్రానికి పోయే ఏర్పాటు చేశారు. చదువురాని రైతుకు సైతం ఈ ఏర్పాటు కంఠతా వచ్చు. కాలువకు గండి పడినా, డ్రెయిను పూడినా మునిగేది తన చేనే గదా!

కాలువ నీటితోపాటు దారిని కూడా తెచ్చింది. లాకుల గుండా పడవలు నడిచేవి. కాకినాడ నుంచి ఏలూరు, బెజవాడ మీదుగా మద్రాసు దాకా పడవ ప్రయాణం సాగేది. ధాన్యం, కొబ్బరికాయలు, ఉప్పు, పెళ్ళివారు, బదిలీ అయిన గుమాస్తాలు అందరూ ఆ పడవలలోనే. మా తాతగారు లాకుల దగ్గర పడవ ఆగితే దిగి అన్నం వండుకున్న ముచ్చట చెబుతుండేవారు.

మెట్ట మాగాణి అయింది. సార్వా పంటకు భరోసా వచ్చింది. కృష్ణకాటుకలు, అక్కుళ్ళు వంటి వడ్లు గాదెలలో, పురులలో నిండాయి. కోతల ముందు వరిచేలో చల్లిన మినుము, పెసర, జనుము నేల తేమతోనే ఎదిగి రెండో రాబడి ఇచ్చేవి. మెట్ట ప్రాంతాల నుంచి కూలీలు ఊడ్పులకూ కోతలకూ వలస వచ్చేవారు. కొందరు ఇక్కడే గుడిసె వేసుకొని ఊరివారైపోయారు.

డెల్టాకు నీరు ఒక చేత ఇచ్చిన ప్రకృతి మరొక చేత తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు పరిసరాలలో సుమారు ముప్పయి వేల మంది కొట్టుకుపోయారు. ఆనకట్ట కట్టి పదేళ్ళు కూడా నిండలేదు.

ఊరి అమరిక

మా చిన్నతనం, అంటే 1950ల నాటి ఊరిని ఇప్పటి పిల్లలకు బొమ్మ గీసి చూపవలసిందే. నడుమ రామాలయం, పక్కన కరణంగారి ఇల్లు, నాలుగు అగ్రహారపు ఇళ్ళు. ఆపైన కమ్మవారి, కాపుల బజార్లు. కోమట్ల అంగళ్ళు రెండు. గొల్లపాలెం, గౌడవారి ఇళ్ళు, సాలెపేట. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి ఇళ్ళు. చెరువు గట్టు వైపు పది దూదేకుల ఇళ్ళు, ఒక చిన్న మసీదు. ఊరికి దూరంగా మాలపల్లె, మాదిగగూడెం. ఆ రెంటికీ నడుమ చర్చి. కాలువ కట్ట మీద యానాదులు. వరి పొలాలలో ఎలుకలు పట్టడానికి వారు లేకపోతే రైతుకు దిక్కులేదు.

వీరందరినీ కలిపి కట్టింది కళ్ళం. కుప్ప నూర్చిన రోజున చాకలికీ మంగలికీ వడ్రంగికీ కమ్మరికీ మేర కొలిచి ఇవ్వవలసిందే. పాలేరుకు ఏడాది జీతం గింజలలోనే. ఆడవారు కోసిన చేలో పరిగె ఏరుకునేవారు. డబ్బు కంటికి కనబడేది తక్కువ.

పీర్ల పండుగ వస్తే అగ్నిగుండం తొక్కేవారిలో హిందువులే ఎక్కువ. గుంటూరు కాలే మస్తాన్ దర్గాకు మొక్కుకొని పుట్టిన బిడ్డకు మస్తాన్‌రావు, మస్తానమ్మ అని పేరు పెట్టుకోని ఊరు లేదు. 1924లో బెజవాడ గుణదలలో మేరీమాత క్షేత్రం ఏర్పడ్డాక, ఫిబ్రవరి తిరునాళ్ళకు మా ఊరి నుంచి కట్టుకుపోయే బండ్లలో అన్ని కులాలవారూ ఉండేవారు. మా అమ్మగారు కనకదుర్గమ్మకు పసుపు కుంకుమలు, గుణదల మాతకు కొబ్బరికాయ ఇచ్చి రావడం నాకు బాగా గుర్తు. ఇందులో ఆమెకు వింత ఏమీ కనిపించలేదు.

ఇంతవరకు చెప్పి ఆపితే తియ్యగా ఉంటుంది గాని నిజం కాదు. ఆ గుణదల బండిలో పక్కపక్కన కూర్చున్నవారే, ఊరిలోకి వచ్చాక ఒకే బావిలో చేద వేయడానికి వీల్లేదు. మాలపల్లెకు వేరే బావి, వేరే గ్లాసు, వేరే శ్మశానం. కళ్ళంలో మేర కొలిచే చేయి పైన, పట్టే దోసిలి కింద. ప్రేమా ఉంది, అంటరానితనమూ ఉంది. ఈ రెండూ ఒకే గుండెలో ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అడంగల్‌లో మాత్రం సమాధానం స్పష్టంగా ఉండేది. మాలపల్లెవారి పేర్లు పట్టాదారు గడిలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

చదువు, బ్యాంకు, పడవలో పుస్తకాలు

కాలువ కడుపు నింపాక పల్లెకు చదువు ఆకలి మొదలైంది. అంతకుముందే మిషనరీలు బడులు పెట్టారు. 1842లో హయ్యర్ గారు గుంటూరులో పని ప్రారంభించారు. 1843లో రాబర్ట్ నోబుల్ గారు బందరులో స్థాపించిన పాఠశాల తర్వాత నోబుల్ కళాశాల అయింది. మొదట అగ్రకులాల పిల్లలే చదివిన ఆ చదువు, 1859లో రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్యగారు క్రైస్తవం స్వీకరించిన తర్వాత మాలపల్లెల వైపు తిరిగింది. చర్చి బడిలో అక్షరం నేర్చినవారే మా ప్రాంతంలో మొదటి దళిత ఉపాధ్యాయులు. మన సంఘంలోనే అటువంటి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. వడ్ల బస్తాలు మోసే కాలువ మీదే పుస్తకాలు వచ్చి రేవులో ఆగేవి. ఇంతటి ముచ్చట మరే దేశంలో జరిగినా మనం గొప్పగా చెప్పుకునేవాళ్ళం.

ధాన్యం డబ్బు అయింది, డబ్బుకు బ్యాంకు కావలసి వచ్చింది. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. మనలో చాలామంది పెన్షను తీసుకున్నది ఆ బ్యాంకులోనే. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమైనప్పుడు బోర్డు మార్చుతుంటే చూసి కళ్ళు చెమర్చిన పెన్షనర్లు నాకు తెలుసు.

అదే కాలంలో పల్లె ప్రశ్నించడం కూడా నేర్చింది. 1921–22లో పెదనందిపాడు ఫిర్కా రైతులు పన్నుల నిరాకరణ చేశారు. అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరిగారు పౌరోహిత్యాన్ని ప్రశ్నించారు. నిడుబ్రోలులో ఆచార్య రంగాగారు రైతుకు రాజకీయ పాఠాలు చెప్పారు. గోరాగారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం ప్రారంభించి, అంటరానితనం మీద పోరును సహపంక్తి భోజనాలతోనూ, తమ ఇంటి కులాంతర వివాహాలతోనూ ఆచరణలో చూపారు. చల్లపల్లి రాజావారి అండతో నడిచిన సారథి ఫిలిమ్స్ నుంచి గూడవల్లి రామబ్రహ్మంగారు 1938లో ‘మాలపిల్ల’, 1939లో ‘రైతుబిడ్డ’ తీశారు. జమీందారు సొమ్ముతో రైతు బాధను చూపడం ఆనాటి చిత్రమైన సంగతి. 1940లలో అదే చల్లపల్లి జమీలో భూమి కోసం కమ్యూనిస్టుల నాయకత్వాన పోరాటం సాగింది.

స్వాతంత్ర్యం తర్వాత

1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. 1952లో పాత ఆనకట్టకు గండి పడి, దాని స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయింది. కింద నీరు, పైన రోడ్డు. గుంటూరుకూ బెజవాడకూ మధ్య బస్సు నడిచాక డెల్టా రెండు ఒడ్లూ ఒకటయ్యాయి. 1967లో నాగార్జునసాగర్ నీరు వదిలాక దాళవా మీద కూడా ఆశ కలిగింది.

ఆ దరిదాపుల్లోనే ఐ.ఆర్.8 వచ్చింది. పొట్టి పైరు, సంచుల్లో ఎరువు. తర్వాత మారుటేరు నుంచి స్వర్ణ, 1986లో బాపట్ల నుంచి బి.పి.టి. 5204, అంటే సాంబ మసూరి. ఈనాడు దేశంలో సన్నబియ్యం అని కొనేవారిలో ఎందరికో అది బాపట్ల బిడ్డ అని తెలియదు. ఉయ్యూరు చక్కెర మిల్లు చుట్టూ చెరకు, పాల కేంద్రాల వలన గేదె పాడికి రోజూ చేతిలో డబ్బు. ఆడవారి చేతికి మొదటిసారి సొంత రాబడి వచ్చింది ఆ పాల డబ్బుతోనే అని నా అభిప్రాయం.

మిగులు సంపాదించిన రైతులు కొత్త నేలలు వెతుక్కున్నారు. నిజాంసాగర్ కిందకూ, తర్వాత తుంగభద్ర కింద సింధనూరు, గంగావతి ప్రాంతాలకూ పోయి క్యాంపులు వేసుకున్నారు. ఊరిలో భూమి అమ్మిన రెండెకరాల డబ్బుతో అక్కడ పదెకరాలు కొన్న కుటుంబాలు మా ఊరిలోనే ఉన్నాయి. మరికొందరు బెజవాడకు నడిచారు. లారీలు, బస్సులు, రైసు మిల్లులు, సినిమా హాళ్ళు, ఆటోనగర్ షెడ్లు అన్నిటి పునాదిలో వడ్ల డబ్బు ఉంది. రామాపురం, నిమ్మకూరు వంటి చిన్న పల్లెల నుంచి అక్కినేని, నందమూరి వంటి మహానటులు వచ్చారు.

1973 భూ పరిమితి చట్టం కింద డిక్లరేషన్లు తీసుకున్న రోజులు మన శాఖవారికి గుర్తే. కాగితాల మీద భూమి చాలా ముక్కలైంది. పొలం గట్లు మాత్రం కదలలేదు. ఇంతకన్నా ఎక్కువ చెప్పనక్కరలేదు.

రెండు గాయాలు

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. సుమారు పదివేల మంది చనిపోయారు. సొర్లగొంది వంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. నన్ను సహాయ కార్యక్రమాలకు డ్యూటీ వేశారు. బతికినవారి జాబితా రాయడం నా పని. పొలం ఉన్నవారి పేరుకు అడంగల్ ఆధారం ఉంది. తీరంలో తాటాకు గుడిసెల్లో ఉన్న కూలీలకు, మత్స్యకారులకు ఏ రిజిస్టరులోనూ పేరు లేదు. “నీ పేరేమిటి, నీవాళ్ళు ఎంతమంది?” అని అడిగితే కొందరు వేళ్ళు మడుస్తూ మధ్యలో ఆగిపోయేవారు. రికార్డులో లేని మనిషి పోయినా లెక్కకు రాడన్న సంగతి ఆనాడు నాకు తెలిసివచ్చింది.

రెండవ గాయం ప్రకృతి చేసింది కాదు. 1985 జూలై 17న కారంచేడులో మంచినీటి చెరువు దగ్గర మొదలైన తగాదా ఆరుగురు దళితుల హత్య దాకా పోయింది. బాధితులు ఊరు విడిచి చీరాలలో తలదాచుకున్నారు. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అయినా 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. ఆ కేసు విచారణకు ఊరిలోనే ప్రత్యేక న్యాయస్థానం పెట్టారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు వాటిని కొట్టివేసింది.

ఇవి రెండూ నీరు పుష్కలంగా ఉన్న, చదువు బాగా ఉన్న, డెల్టా గాలి తగిలే ఊళ్ళు. చదువుకున్న దళిత యువకులు తలవంచడం మానేశారు. తలవంచుకుంటేనే మర్యాద అని అలవాటుపడిన వారికి అది మింగుడుపడలేదు. సంపద పెరిగితే సామరస్యం దానంతట అదే వస్తుందని నమ్మిన నావంటివారి నమ్మకం అక్కడ కూలింది. పీర్ల పండుగలో కలిసి నడిచిన జ్ఞాపకం ఒక్కటే సరిపోదని, బావి దగ్గరా చేను దగ్గరా సమానత లేకపోతే అది నిలవదని తెలిసింది.

రైతు పట్నం చేరిన కాలం

1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. తరతరాల రికార్డులను పెట్టెలతో సహా అప్పగించిన కరణాలు కొందరు కంటతడి పెట్టారు. ఊరివారు కొందరు ఊపిరి పీల్చుకున్నారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 1980ల నుంచి కొల్లేరు చుట్టుపక్కల కైకలూరు, మండవల్లి ప్రాంతాలలో వరిచేలు చేపల చెరువులయ్యాయి. తర్వాత తీరంలో రొయ్య. కొందరు ఒక్క ఏడాదిలో మేడలు కట్టారు, మరు ఏడాది తెల్లమచ్చ తెగులుతో అదే మేడ అమ్మారు. చెరువుకు వరి కన్నా కూలీలు తక్కువ చాలు. ఊడ్పుల ముఠాలు వేరే ఊళ్ళకు పోవలసి వచ్చింది.

అదే సమయంలో పిల్లల చదువులు రైతును బెజవాడకు, హైదరాబాదుకు లాగాయి. 1990ల చివర కంప్యూటరు ఉద్యోగాలతో అమెరికా దారి తెరుచుకుంది. పొలం తాకట్టు పెట్టి టిక్కెట్టు కొన్నవారు, కొన్నాళ్ళకు డాలర్లతో అదే పొలం పక్కన మరో రెండెకరాలు కొన్నారు. దున్నడానికి మాత్రం మనిషి ఊరిలో లేడు.

ఈ మార్పును లెక్కలతో పట్టుకునే ప్రయత్నం ఒకటి జరిగింది. పుచ్చలపల్లి సుందరయ్యగారు 1974లో గుంటూరు జిల్లాలో అనంతవరం, కాజ గ్రామాలను ఇంటింటికీ తిరిగి సర్వే చేయించారు. ఎవరికి ఎంత భూమి ఉంది, ఎవరు కౌలు చేస్తున్నారు, ఎవరు కూలికి పోతున్నారు అన్నది ఆ లెక్క. కొల్లూరు పక్కనున్న అనంతవరాన్ని పరిశోధకులు 2005–06లో తిరిగి సర్వే చేశారు. భూమిలేని కుటుంబాలు, అందులోనూ దళిత కుటుంబాలు, కౌలుకు తీసుకొని సాగు చేయడం అక్కడ ప్రధానంగా కనిపించింది. డెల్టాలో ఏ ఊరికి పోయినా ఇదే దృశ్యం. తండ్రి పాలేరుగా దున్నిన చేనునే కొడుకు కౌలుదారుగా దున్నుతున్నాడు. జీతగాడు రైతయ్యాడు అని సంతోషించాలి. కాని పంట పోతే నష్టం ఇప్పుడు పూర్తిగా అతనిదే. మక్తా బస్తాలు ముందే ఒప్పుకున్నాడు గదా!

నీటి భరోసా కూడా మునుపటిలా లేదు. 2002 తర్వాత వరుసగా కొన్నేళ్ళు కాలువ నీరు ఆలస్యమై ఊడ్పులు వెనకబడ్డాయి. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు వచ్చి కృష్ణలో కలిసి డెల్టాను ఆదుకున్నది. 2024 సెప్టెంబరులో మాత్రం నీరు ఎక్కువై ఏడ్పించింది. బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద, విజయవాడలో బుడమేరు ముంపు, లంక గ్రామాలలో పంట నష్టం.

నా మీద నా ఫిర్యాదు

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న మాట. ఊరిలో నాకు రెండెకరాలు ఉంది. మా ఇంట పాలేరుగా చేసిన ఆయన కొడుకు దానిని పాతికేళ్ళుగా కౌలుకు చేస్తున్నాడు. ఆయన మా నాన్నగారిని ‘కామందుగారూ’ అనేవాడు. కొడుకు నన్ను ‘సార్’ అంటాడు. ఇంజనీరింగ్ చదువుతున్న మనుమడు ‘అంకుల్’ అంటాడు. ఆ మూడు పిలుపులలో డెల్టా ఎంత దూరం నడిచిందో తెలుస్తుంది.

కౌలు రైతులకు బ్యాంకు ఋణం అందాలని 2011లో ఒక చట్టం, 2019లో మరొక చట్టం వచ్చాయి. రెండవదాని ప్రకారం పదకొండు నెలల ఒప్పందం మీద భూమి యజమాని సంతకం చేస్తే, కౌలుదారుకు పంట సాగుదారు హక్కు పత్రం ఇస్తారు. భూమి మీద హక్కు మాత్రం యజమానిదే. 2020 వేసవిలో అతను కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు.

“సార్, ఇది పంట కాగితమే. పొలం ఎక్కడికీ పోదు. మీకు తెలియందేముంది” అన్నాడు.

నిజంగానే నాకు తెలియనిది లేదు. ఆ చట్టంలోని ప్రతి అక్షరం నేను పదిమందికి వివరించగలను. అయినా నా చేయి ఆగింది. 1956 కౌలుదారీ చట్టం నాటి నుంచి మన మనసుల్లో పాతుకుపోయిన భయం అది. “పిల్లలను అడిగి చెబుతాను” అన్నాను. అతను మళ్ళీ అడగలేదు. బ్యాంకు అప్పు దొరకక బయట వడ్డీకి తెచ్చి పెట్టుబడి పెట్టాడు.

నవంబరు చివర నివర్ తుపాను వచ్చింది. కోతకు వచ్చిన చేను నేలకు ఒరిగి, కంకుల మీదే మొలకలు వచ్చాయి. పంట నష్టం రాసుకున్న జాబితాలో అతని పేరు లేదు, నా పేరు ఉంది. విజయవాడలో ఫ్యాను కింద కూర్చున్న పెన్షనరు పంట నష్టపోయిన రైతు అయ్యాడు. బురదలో నిలబడి మొలకెత్తిన వెన్నులు చూసుకున్నవాడు ఎవరూ కాకుండాపోయాడు. దివిసీమలో పేరు లేని మనుషుల జాబితా రాసినవాణ్ణి నేను. నలభై మూడేళ్ళ తర్వాత, నా చేనులోని మనిషికే పేరు లేకుండా చేసింది కూడా నేనే.

నా ఖాతాలో పడిన సొమ్ము అతనికి ఇచ్చివేశాను. ఆ ఏటి మక్తా తీసుకోలేదు. అతను దండం పెట్టాడు. ఆ దండం నాకు దెబ్బలా తగిలింది. తనకు హక్కుగా రావలసినది నా దయగా అందింది గదా! మరుసటి ఏడు నేనే పిలిచి సంతకం చేశాను. మిత్రులారా, ఏమీ జరగలేదు. పట్టాదారు గడిలో నా పేరు అలాగే ఉంది. రెండో గడిలో అతని పేరు వచ్చింది, అంతే.

మన సభ్యులలో చాలామందికి ఊరిలో ఎకరమో రెండెకరాలో ఉన్నదని నాకు తెలుసు. దానిని దున్నేవారు మనం కాదని కూడా తెలుసు. నెల మొదట మన పెన్షను ఒక్కరోజు ఆలస్యమైతే మనం ఎంత ఆందోళన పడతామో గుర్తు తెచ్చుకోండి. పెన్షను ఎవరి దయా కాదు, చేసిన సేవకు హక్కు అని మనం ఏళ్ళ తరబడి వాదించి సాధించుకున్నాం. ఆ మాట మన చేలలో సేవ చేసేవారికీ వర్తిస్తుంది. ఈ సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు, పిండివంటలు తిని, రామాలయం దగ్గర ఫోటో దిగి వచ్చేయకండి. కాలువ గట్టు మీద కాసేపు నడవండి. మీ చేను దున్నే మనిషిని కూర్చోబెట్టి కాగితం సంగతి మీరే అడగండి.